పుర్రెల వాయనం

పులుసులో ఉప్పు రెండుసార్లు వెయ్యడం తప్పు. పెళ్ళిలో వియ్యపురాలి పేరు మరిచిపోవడం పెద్ద తప్పు. వరలక్ష్మీ వ్రతం నాడు పేరంటానికి వచ్చిన పదిమంది ముత్తైదువలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, చేతిలో ఎముకలు పెట్టి పంపడం ఉంది చూశారూ, దానికి తప్పు అన్న మాట చాలదు. కొత్త మాట పుట్టించాలి. నేను మూడో తరగతితో బడి మానేశాను కాబట్టి ఆ పని చదువుకున్న మీరే చూసుకోండి. జరిగింది మాత్రం నేను చెబుతాను.

ఇది ఆరేళ్ళ కిందటి సంగతి. అప్పటికి నాకు అరవై నాలుగే. చిన్నతనం, తెలియనితనం.

మా పెద్దవాడి కూతురు శిరీష హైదరాబాదులో పరిశోధన చేసేది. ఊళ్ళో అందరి పిల్లలూ కంప్యూటర్లు చదివితే ఇది కప్పలు, బల్లులు, తొండలు, పాములు చదివింది. పోనీ వాటిని కూడా కాదు, వాటి పుర్రెల్ని. యుగాల తరబడి ఆ పుర్రెలు ఎట్లా మారుతూ వచ్చాయో కనిపెట్టడం దాని పని. నాదెండ్ల మండలంలో మా ఊరికి ఎప్పుడొచ్చినా పొద్దున్నే సంచి తగిలించుకుని చిలకలూరిపేట రోడ్డు పట్టేది. లారీల కింద పడి చచ్చినవాటిని ఏరుకొచ్చేది. అందుకు ప్రభుత్వం ఇచ్చిన అనుమతి కాగితం కూడా ఉంది దాని దగ్గర. చచ్చిన తొండకి కాగితం అడిగే ప్రభుత్వాన్ని నేను అప్పుడే మొదటిసారి మెచ్చుకున్నాను. లెక్క అంటే అట్లా ఉండాలి.

ఆ శ్రావణంలో అది వచ్చి, "నాయనమ్మా, చిన్న చిన్న డబ్బాలు కావాలి. లోపల దూది పెట్టుకునేయి," అంది.

నేను మొలలో తాళం చెవి తడుముకున్నాను. ఎందుకంటే నా దగ్గర ఉన్నాయి. బంగారు కొట్టువాళ్ళు కమ్మలూ ఉంగరాలూ పెట్టి ఇచ్చే ఎర్ర డబ్బాలు. నలభై ఏళ్ళుగా మా ఇంట్లో, మా పుట్టింట్లో, అడిగితే కాదనని ప్రతి ఇంట్లో పోగేశాను. బంగారం ఎవరి మెడలోకి పోతేనేం, డబ్బా నా ఇంటికి వచ్చేది.

"ఎన్ని?"

"పదకొండు."

"తిరిగిస్తావా?"

"నాయనమ్మా, డబ్బాలే గదా!"

"డబ్బాలే గనక కొనుక్కో."

చివరికి తిరిగిస్తానని దేవుడి పటం ముందు ఒట్టు వేయించుకుని ఇచ్చాను. ఆ రోజు అది నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, భూతద్దం చేతికిచ్చి, గోరంత కప్ప పుర్రె చూపించింది.

"చూడు, పూర్వం వీటి తాతముత్తాతల తల ఇనప్పెట్టెలాగా ఉండేది. చుట్టూ ఎముకే. కప్పలు ఒక్కో ఎముకా వదిలేసుకుంటూ వచ్చినయ్. ఇప్పుడు చూడు, అంతా కిటికీలే. తేలిక."

"అక్కర్లేని ఖర్చు తగ్గించుకుందన్నమాట," అన్నాను. దేవుడు చేసిన జంతువుల్లో నాకు నచ్చినది అదే మొదటిది.

"మరి పాము?"

"పాము దవడకి కట్టు వదులు చేసుకుంది. తన తలకంటే పెద్దదాన్ని మింగుద్ది."

"మన పక్కింటి కోటేశ్వరమ్మలాగా."

అది నవ్వి, అన్నిటికంటే చిన్న పుర్రె తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఇదే నాయనమ్మా నా ప్రాణం. అన్ని కప్పలూ ఎముక తగ్గించుకుంటే ఈ రకం మాత్రం మళ్ళీ తలమీద ఎముక కూడబెట్టుకుంది. మూడేళ్ళు వెతికితే ఒక్కటి దొరికింది. ఎల్లుండి దీన్ని స్కాన్ మిషన్లో పెట్టాలి. ఆ మిషన్ కోసం ఎనిమిది నెల్లు లైన్లో ఉన్నా. ఇది లేకపోతే నా పుస్తకంలో సగం లేనట్టే."

నా మోకాలికి స్కాన్ తీయించమని డాక్టరు చెబితే ఖర్చు దండగని పసుపు పట్టు వేసుకున్నదాన్ని నేను. చచ్చిన కప్పకి స్కాన్! అయినా కూడబెట్టుకునే కప్ప అన్నది కాబట్టి నోరు మూసుకున్నాను. మన జాతిది.

ఇక వ్రతం. ఆ ఏడు పేరంటాలకి కుంకుమ భరిణెలు పంచుదామనుకున్నాను. వెండివి కొంటే ఇల్లు గుల్ల. అందుకని జర్మన్ సిల్వర్‌వి కొని, నా ఎర్ర డబ్బాల్లో దూది పరిచి పెట్టాను. బంగారు కొట్టు డబ్బాలోంచి వచ్చింది ఏదైనా వెండిలాగే మెరుస్తుంది. దీన్ని మోసం అనకండి, అలంకారం అనండి. పదకొండు డబ్బాలు కట్టి, మా ఆయన కంటపడితే లెక్కలు అడుగుతాడని బియ్యం డ్రమ్ములో దాచాను.

దాచి మరిచిపోయాను. అది నా జబ్బు. దాచడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఎంత బాగా దాస్తానంటే నాక్కూడా దొరకదు.

శుక్రవారం సాయంత్రం శిరీష ఏవో కాగితాలు అచ్చు వేయించుకోవడానికి నరసరావుపేట పోయింది. పేరంటాలు వచ్చారు. హడావుడిలో అల్మారా తీస్తే పై అరలో ఎర్ర డబ్బాలు, వరసగా పదకొండు. అడుగున అంకెల చీటీలు అంటించి ఉన్నాయట, ఆ సంగతి తరువాత తెలిసింది. నా కళ్ళద్దాలకి ఒక కాలు దారం, ఒక అద్దం బీట. అద్దం మార్చమని శిరీష ఏడాదిగా పోరుతూనే ఉంది. పగిలిందాంట్లోంచి కూడా కనబడుతుంటే మార్చడం దేనికండీ?

తమలపాకులు, అరటిపండ్లు, నానబెట్టిన శనగలు, రవికె గుడ్డ, పైన ఎర్ర డబ్బా.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

ఎర్ర డబ్బా చూసి ఒక్కొక్కరి కళ్ళు ఒక్కో చెరువయ్యాయి. పక్కింటి కోటేశ్వరమ్మ వదిన చెవి దగ్గరికొచ్చి, "ఒదినా, మా కోడలు పుట్టింటికి పొయ్యింది. దానిక్కూడా ఒకటియ్యి," అంది.

"అయిపొయ్యినయ్యమ్మా," అన్నాను. గడప దాకా సాగనంపాను. ఆ పూట నా అంత ధర్మాత్మురాలు నరసరావుపేట నుంచి కోటప్పకొండ దాకా లేదనిపించింది నాకు.

దీపాల వేళకి శిరీష వచ్చింది. అల్మారా తలుపు తీసిన చప్పుడు. తరువాత అరలన్నీ వెతుకుతున్న చప్పుడు.

"నాయనమ్మా, నా డబ్బాలు యాడున్నయ్?"

"నీ డబ్బాలేంది? నా డబ్బాలు."

"లోపల ఉన్నయ్యి నాయ్యి గదా!"

"లోపల ఉన్నయ్యి భరిణెలు గదా!"

"ఏం భరిణెలు?"

మా ఆయన అప్పటిదాకా పేపర్లో తల దూర్చి ఉన్నవాడు, తల ఎత్తకుండానే, "పొద్దున బియ్యం తీయబోతే డ్రమ్ములో ఎర్ర డబ్బాలు తగిలినయ్. మీ నాయనమ్మ ఏదో దాచుకుంది లెమ్మని ఊరుకున్నా," అన్నాడు. ముప్పై రూపాయల కొత్తిమీర కట్టకి మూడు గంటలు ఉపన్యసించే మనిషి, అవసరమైన రోజున ఊరుకున్నాడు!

నాకు కాళ్ళ కింద నేల బియ్యం అయిపోయింది. పది ఇళ్ళలో, లక్ష్మీదేవి పటాల ముందు, తొండ తలకాయలు!

శిరీష ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "పొద్దున ఏడింటికి నా బస్సు," అంది, అంతే. నేను బియ్యం డ్రమ్ములోంచి అసలు భరిణెలు సంచిలో వేసుకుని, దాని చెయ్యి పట్టుకుని బజారున పడ్డాను.

మొదట సుబ్బాయమ్మ పిన్ని ఇల్లు. ఊరి ఆడవాళ్ళలో పెద్ద తలకాయ. ఆవిడ డబ్బా తెరిచి దీపం దగ్గర పెట్టుకుని చూస్తోంది.

"రావే. ఇదేందే, చేప ముల్లా? శ్రావణ శుక్రవారం నాడు నీసు పంచుతావంటే?"

"చేప కాదు పిన్నీ, బల్లి. పొరపాటయింది. ఇచ్చెయ్యి, దీనికి బదులు భరిణె తెచ్చా."

పిన్ని ముఖం ఎర్రబడింది. "వాయనం ఎనక్కి అడిగే ఆడది ఈ ఊళ్ళో ఇంతవరకు పుట్టలా. నువ్వు పుట్టినావా?"

"మా పిల్ల చదువు పోద్ది పిన్నీ."

పిన్ని శిరీష ముఖం చూసింది. పీట వాల్చింది. "ఎనక్కి ఇయ్యటం కుదరదు. నేనే వాయనం ఇస్తా, పుచ్చుకో. కూర్చో. కాళ్ళు జాపు."

నాకు పసుపు రాసింది. బొట్టు పెట్టింది. తమలపాకుల్లో శనగలు పోసి, మీద బల్లి పుర్రె పెట్టి, "ఇస్తినమ్మ వాయనం," అంది గంభీరంగా.

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అన్నాను. బల్లి మీద పడితే ఫలితం ఏమిటో పంచాంగంలో ఉంది. బల్లి వాయనంగా వస్తే ఏమిటో రాసినవాళ్ళు లేరు.

ఈ తీర్పు మాకంటే ముందు వీధంతా పరిగెత్తింది. ప్రతి ఇంట్లో పీట వాల్చే ఉంది. ప్రతి ఇంట్లో శనగలు నానే ఉన్నాయి, అన్నీ నా శనగలే! ప్రసాదం కాబట్టి వద్దనకూడదు, అక్కడే తినాలి. నాలుగో ఇంటికి నా పొట్ట పాము దవడలాగా కట్టు వదిలింది.

నాగమణి దగ్గర చిక్కు వచ్చి పడింది. నాకు వరసకి మేనకోడలు. దాని డబ్బాలో వచ్చింది పసిరిక పాము పుర్రె. అప్పటికే దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, దేవుడి అరలో కూర్చోబెట్టి, హారతి కూడా ఇచ్చేసింది.

"నేనియ్యనత్తా. నాగేంద్రుడు శ్రావణ శుక్రవారం నా ఇల్లు ఎతుక్కుంటా వచ్చాడు. ఎట్టా పంపిస్తా?"

"వచ్చింది నాగేంద్రుడు కాదే, నా మతిమరుపు."

"నీ మతిమరుపు రూపంలో వచ్చాడు."

నేను సంచిలోంచి భరిణె తీసి ఆశ పెట్టబోయాను. శిరీష నాగమణి పక్కన చతికిలబడి, "పిన్నీ, ఆయన్ని మిషన్లో పెట్టి ఫొటో తీస్తాను. ఒక్కో ఎముకా కనపడేటట్టు ఇంత పెద్దది చేసి పంపిస్తా. గోడకి పెట్టుకో," అంది.

"ఎంత పెద్దది?"

"తలుపంత."

నాగమణి కళ్ళు తుడుచుకుని పీట వాల్చింది. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ళింట్లో ఉంది, దండ వేసి.

కోటేశ్వరమ్మ వదిన ఇంటి ముందు మిరపకాయల పొగ. డబ్బా వీధిలో ఉంది, చుట్టూ నిమ్మకాయ ముక్కలు, ఆవిడ చేతిలో పట్టకారు.

"నలభై ఏళ్ళు గోడకి గోడ కాపరం చేశాం ఒదినా! నా గేదె ఎక్కువ పాలిస్తందని నా మీద ఇంత పగా? పుర్రె పంపిస్తావా?"

"పగేందమ్మా, అది తొండ తలకాయ!"

"తొండ తలకాయ పంపేదాకా వచ్చిందా?"

శిరీష తుమ్ముతూ, దగ్గుతూ, అది చేతబడి కాదు చదువని చెప్పేసరికి పొగ ఆరింది. వదిన పట్టకారుతోనే వాయనం ఇచ్చింది.

మిగిలిన ఇళ్ళు కూడా చుట్టి ఇంటికి వచ్చాం. పది డబ్బాలు. శిరీష అడుగున అంకెలు చూసుకుని గడప మీద కూర్చుండిపోయింది.

"కప్ప లేదు నాయనమ్మా. అదొక్కటే లేదు."

ఎముక కూడబెట్టుకున్న కప్ప. మూడేళ్ళు వెతికిన కప్ప. ఎనిమిది నెలలు మిషన్ కోసం కాచుకున్న కప్ప. ఆ పిల్ల నా వంక చూడలేదు. చూస్తే నేను బాధపడతానని చూడలేదు. తిట్టినా ఓర్చుకునేదాన్ని, ఆ చూడకపోవడం ఓర్చుకోలేకపోయాను. అప్పుడు నా బుర్ర ఆ సాయంత్రానికి మొదటిసారి పనిచేసింది, అదీ తప్పుగా. రెండో డబ్బా అడిగింది ఎవరు? కోటేశ్వరమ్మ! నేను ఇవ్వకపోతే తీసుకుపోయింది ఎవరు?

గోడ దగ్గరికి పోయి అరిచాను. "కోటేశ్వరమ్మా! రెండోది ఇచ్చెయ్యి! దొంగ వాయనం అరగదు!"

వీధంతా బయటికొచ్చింది. వదిన నడుం మీద చెయ్యి వేసుకుని మా ఇంట్లోకి వచ్చింది. నేను ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది.

"నేను మా కోడలికి ఇంకోటి అడిగితే, అయిపొయ్యినయ్యన్నావు గుర్తుందా?"

"ఉంది."

"అయిపొయ్యినయ్యంటానే నీ పైట కిందికి ఒకటి పొయ్యింది. నేను చూశా. పండగ పూట ఎందుకులే అని నోరు మూసుకున్నా. ఒదినా, నీ ట్రంకుపెట్టె తాళం తియ్యి."

దొంగకి తేలు కుడితే అరవలేడంటారు. కప్ప కుట్టినా అంతేనండీ. అందరూ చూస్తుండగా మొలలో తాళం చెవి తీసి ట్రంకుపెట్టె తెరిచాను. పట్టుచీర మడతల కింద, మా అమ్మ గాజుల పక్కన ఎర్ర డబ్బా. మూత తీస్తే దూదిలో గోరంత కప్ప, కంటి కిటికీల్లోంచి నన్నే చూస్తోంది.

శిరీష ముందు ఏడ్చింది. తరువాత నన్ను వాటేసుకుని నవ్వడం మొదలుపెట్టింది, ఆపలేకపోయింది. "మూడేళ్ళు తిరిగానే! కూడబెట్టుకునే కప్ప కూడబెట్టుకునే నాయనమ్మ దగ్గరికే చేరింది!"

కోటేశ్వరమ్మ వదిన ఆ డబ్బా తీసి, నా కొంగు పట్టించి, అందులో పెట్టింది. "అను ఒదినా. ఇచ్చిందీ నువ్వే, పుచ్చుకుందీ నువ్వే. రెండూ నువ్వే అనుకో."

అన్నాను. వీధి వీధంతా వింటుండగా నాకు నేనే వాయనం ఇచ్చుకుని, నాకు నేనే పుచ్చుకున్నాను. పదకొండో భరిణె ఆవిడ కోడలికి జరిమానాగా వెళ్ళింది. వదిన దాన్ని గోటితో గీకి చూసి, "వెండి కాదు గదా?" అంది. నేను వినపడనట్టు ట్రంకుపెట్టెకి తాళం వేసుకున్నాను.

శిరీష ఏడింటి బస్సు ఎక్కింది. పాము పుర్రె పసుపుపచ్చగా ఎందుకుందని వాళ్ళ గురువుగారు అడిగితే, పూజలో కూర్చుందని చెప్పిందట. ఇప్పుడది డాక్టరమ్మ, దేశదేశాల పుర్రెలు దాని చేతిలోకి వస్తుంటాయి. మా ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం తాళం వేసిన స్టీలు పెట్టె తెచ్చుకుంటుంది. ఎర్ర డబ్బాలు పదకొండూ లెక్కపెట్టి తిరిగిచ్చింది, ఒట్టు ఒట్టే.

కాబట్టి వరలక్ష్మీదేవి సాక్షిగా, ఆ కూడబెట్టుకున్న కప్ప సాక్షిగా చెబుతున్నాను. ఇక నా ప్రాణం ఉన్నంతవరకు మూత తీసి చూడకుండా ఎవ్వరికీ ఏదీ దానం చెయ్యను. తీసి చూశాక బాగున్నట్టు కనబడితే, అసలు చెయ్యను.