ఆవగింజంత ఎర్రరాయి

ఆవగింజలో సగం కూడా ఉండని ఒక రాయిని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. నవ్వకండి. బరువు మోసినవాడికే తెలుస్తుంది.

మందమర్రి బజారులో ఒక ఉస్తాద్ దగ్గర గడియారాల పని నేర్చుకుంటున్న రోజులవి. మాది హుజూరాబాద్ వైపు నేతపని. మగ్గం గుంటలో కాళ్ళాడించలేక పారిపోయి వచ్చాను. అప్పటికే మీసాలొచ్చాయి, పెళ్ళయింది. పసితనం అని తప్పించుకునే వీలు కూడా లేదు.

బొగ్గుబావుల ఊళ్ళో చేతిగడియారం కూడా బొగ్గే పీలుస్తుంది. లోపల ఇరుసులు తిరిగే చోట చిన్న చిన్న ఎర్రరాళ్ళుంటాయి. వాటి బెజ్జాల్లో మసి పేరుకుంటే గడియారం మూలుగుతుంది. రాళ్ళను పెట్రోలులో నానబెట్టి, చీపురుపుల్లను సన్నగా చెక్కి బెజ్జంలో తిప్పాలి. ఇనుపసూది తగిలితే రాయి పగులుతుంది. రాళ్ళన్నీ గుడ్డ మీదికి చేరాకే పెట్రోలు పారబోయాలి. ఉస్తాద్ ఎన్నిసార్లు చెప్పాడో! నా చెవుల్లోనూ మసే ఉందేమో.

ఆ రాళ్ళు అసలు కెంపులనీ, బాగుచేసేవాళ్ళు కొట్టేస్తారనీ అక్కడివాళ్ళ నమ్మకం. అందుకే విప్పింది మొదలు మూసేదాకా బల్ల ముందు కూర్చుని రెప్పవేయకుండా చూసేవాళ్ళు. చీమకు ముక్కుపుడక చేయించడానికి తప్ప ఆ రాయి ఎందుకూ పనికిరాదు. చెబితే వింటారా?

బావిలో పనిచేసే రాజయ్య తన గడియారం తెచ్చి అలాగే కూర్చున్నాడు. ఉస్తాద్ శుక్రవారం జుమ్మా నమాజుకు వెళ్తూ పని నాకప్పగించాడు. రాజయ్య చూపంతా నా వేళ్ళ మీదే. అతను బీడీ కోసం లేవగానే హమ్మయ్య అనుకుని, నల్లబడ్డ పెట్రోలును వీధిలోకి విసిరాను. తర్వాత రాళ్ళు చూసుకున్నాను. తర్వాత! అటూ ఇటూ ఊగే చక్రం ఇరుసు కింద ఉండే చదునురాయి లేదు. బొగ్గుమట్టిలో ఎక్కడని వెతకను? ఇత్తడిరేకు తునకను నున్నగా రుద్ది దాని చోట అమర్చాను. గడియారం నడిచింది. దానికి సిగ్గులేదు, నాకూ లేదు.

కొన్నాళ్ళకు ఇరుసు ఇత్తడిని తొలిచేసి గడియారం ఆగిపోయింది. షిఫ్టు తప్పి, ఆ పూట పని పోగొట్టుకుని రాజయ్య వచ్చాడు. ఉస్తాద్ అతని ముందే విప్పాడు. ఎర్రగా ఉండాల్సిన చోట ఇత్తడి పచ్చగా మెరిసింది.

“నా రాయేది ఉస్తాద్? నమ్మి ఇస్తే గిదా?”

ఉస్తాద్ నావైపు తిరిగాడు. “నీకేమన్న ఎర్కేనా బేటా?”

“నాకేమెర్క ఉస్తాద్? వచ్చినప్పుడే గట్లున్నదేమో.”

చావి తిప్పడం ఇంకా సరిగా రాలేదు గానీ, మాట తిప్పడం ఎంత బాగా వచ్చిందో! ఆనాడు బల్ల మీదున్న చేతులు నావేనని ఆయనకు తెలియదా? అయినా అన్నాడు: “నా దుకాన్ల అయింది రాజయ్యా. నాదే జిమ్మేదారి.” తన పాత గడియారంలోంచి రాయి తీసి వేసిచ్చాడు. దాంతో ఆయన పేరు ఇంకా చెడింది. శిష్యునితో తీయించాడనీ, దొరికాక తిరిగిచ్చాడనీ బజారంతా అనుకుంది.

ఉస్తాద్ భార్య రోజూ మధ్యాహ్నం అన్నం తెచ్చేది. చాచీ అనేవాళ్ళం. ఆమె ముక్కుపుల్లకు పెళ్ళినాటి ఎర్రరాయి ఉండేది, శనగబద్దంత. అదీ గడియారంలోంచి తీసిందేనన్నారు. అంత రాయి ఏ గడియారంలో పడుతుంది? బుద్ధి ఉండక్కర్లేదా? ఒకరోజు బల్ల ముందు కూర్చున్నవాడొకడు ఆమె ముక్కునే చూస్తూ, “జర టైమెంతైంది చాచీ?” అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. నేనూ పెదవి కదిపానా? కదిపాననే గుర్తు.

మర్నాడు ఆమె ముక్కుకు రాయి లేదు. బెజ్జం పూడకుండా చీపురుపుల్ల ముక్క పెట్టుకుంది. ఉస్తాద్ చెక్కిచ్చిందే అయ్యుంటుంది. కొన నున్నగా ఉంది.

అప్పుడైనా చెప్పొచ్చుగా? మగ్గం గుంట కళ్ళముందు కదిలింది. చెబితే మళ్ళీ అందులోకే అనుకుని, తల వంచుకుని పని చేసుకున్నాను. ఉస్తాద్ నాకు పనంతా నేర్పాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఒక్కసారి తిట్టినా నా ప్రాణం కుదుటపడేది. ఆ మంచితనం మీద నాకు ఈనాటికీ విసుగే. దోషం చేసినవాడికి విసుక్కునే హక్కు కూడానా! నేనక్కడ ఉన్నన్నాళ్ళూ చాచీ ముక్కుకు ఆ పుల్లే ఉంది.

ఇప్పుడు ఇద్దరూ లేరు. నా దుకాణంలో ఇప్పటికీ బెజ్జాలు చీపురుపుల్లతోనే తుడుస్తాను. కొన చెక్కుతుంటే ఆమె ముఖం వచ్చి ఎదురుగా నిలుస్తుంది.

ఈసారి బల్ల ముందు కూర్చున్నది మీరు. అన్నీ విప్పి పెట్టాను. రెప్పవేయకుండా చూడండి. ఆ రాయిని పారబోసింది నేను.