లెక్కకు అందని బండి

మా వదిన చేసే ఉద్యోగం ఏమిటో మా అమ్మకు అంతుబట్టడానికి చాలాకాలం పట్టింది. నాకు అర్థమైందని చెప్పుకుంటాను గానీ, అందులో సగం గొప్పలే. బళ్ళల్లో చిన్న రేడియో పెట్టెలు బిగిస్తారు. "నేనిక్కడున్నాను, ఇంత వేగంతో పోతున్నాను" అని ప్రతి పెట్టే చుట్టుపక్కల బళ్ళకు గుక్క తిప్పుకోకుండా చెబుతూ ఉంటుంది. ముందు బండి గట్టిగా బ్రేకు వేస్తే వెనక బళ్ళల్లో పెట్టెలు కీచుమంటాయి. ఊళ్ళో బళ్ళన్నీ ఇలా మాట్లాడుకుంటుంటే ఏ మాట చేరుతుంది, ఏది గాలిలో కలిసిపోతుంది అన్నది లెక్కగట్టడమే మా వదిన పని.

"ఏ బండి ఎక్కడుందో తెలియకుండా లెక్క ఎలా కడతావు?" అని ఒకసారి అడిగాను. నేను బట్టలు కుట్టేదాన్ని, కొలత లేని పని నాకు పడదు. వదిన నా గుండీల డబ్బా అందుకుని, అడగనైనా అడగకుండా నేలమీద గుమ్మరించింది.

"ఏ గుండీ ఎక్కడ పడుతుందో నేను చెప్పలేను. కానీ ఇలా వేలసార్లు గుమ్మరిస్తే, జానెడు చోటులో ఎన్ని పడొచ్చో చెప్పగలను. కంప్యూటర్లో నేను చేసేది అదే" అంది.

శాస్త్రం బాగానే ఉంది. గుండీలు ఏరుకున్నది మాత్రం నేను.

మా అన్నయ్య బస్సు డ్రైవరు. కొండ మీది ఫ్యాక్టరీకి పొద్దున్నే పనివాళ్ళను తీసుకెళ్తాడు. అతను రావడం కాస్త ఆలస్యమైతే అమ్మ గుమ్మంలో నిలబడి కోడల్ని దెప్పేది.

"ఊళ్ళో బళ్ళన్నిటి లెక్కా చెబుతావు, మొగుడి బండి ఎక్కడుందో మాత్రం చెప్పవేమే?"

"లక్ష బళ్ళ గురించైతే చెబుతాను అత్తయ్యా. ఒక్కదాని గురించి చెప్పడం నావల్ల కాదు" అని వదిన నవ్వేసేది. అమ్మ నావైపు చూసి పెదవి విరిచేది.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. అమ్మ, అన్నయ్య, నేను కలిశామంటే ముగ్గురమూ ఒకేసారి మాట్లాడతాం. ఎవరూ వినరు, ఎవరూ ఆపరు. వదిన కాపురానికి వచ్చిన కొత్తలో భోజనాల దగ్గర బడిపిల్లలా చెయ్యెత్తి కూర్చునేది, పాపం. నిజంగా ముఖ్యమైన మాట ఉన్నప్పుడు మాత్రం అమ్మ గరిటెతో కంచం మీద టంగుమని కొడుతుంది. అప్పుడు ఎంతటివాళ్ళమైనా నోరు మూయాల్సిందే.

వదిన లెక్కలు సరిపోయాయని కొండదారిలో తిరిగే బళ్ళన్నిటికీ పెట్టెలు బిగించారు. అన్నయ్య పొంగిపోయి, బస్సెక్కిన ప్రతివాడికీ "ఇది మా ఆవిడ లెక్క" అని చాటుకున్నాడు. పెట్టె మోగలేదంటే దారి బాగున్నట్టేనని డ్రైవర్లందరికీ ధీమా వచ్చేసింది.

చలికాలం మొదట్లో ఒకరోజు వదిన తన లెక్క కళ్ళారా చూసుకుందామని సెలవు పెట్టి, పెట్టెల మాటలు వినిపించుకునే చిన్న యంత్రం ఒకటి ఒళ్ళో పెట్టుకుని అన్నయ్య బస్సులోనే కొండెక్కింది. ఆ రోజు మంచు దట్టంగా పట్టింది. మంచు పట్టినప్పుడు కొండ కింద డ్రైవర్లకో పద్ధతి ఉంది. ఎవరూ ఒంటరిగా బయల్దేరరు. అందరూ పోగయ్యేదాకా ఆగి, మంచి దీపాలున్న బండిని ముందు పెట్టి, దాని వెనక ఒకరి తోక ఒకరు పట్టుకున్నట్టు వరుసగా ఎక్కుతారు. దిగేవాళ్ళదీ అదే తంతు. అది చూసి వదినకు ముచ్చటేసిందట, యంత్రం వంక చూసుకునేదాకా.

తిరిగొచ్చాక ఇంట్లోకి పోకుండా, ముందుగదిలో ఉన్న నా మిషను దగ్గరికే వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"తప్పు చేశాను" అంది.

"ఏమైంది వదినా? అన్నయ్య ఏమన్నా అన్నాడా?"

"మీ అన్నయ్య కాదమ్మాయ్, నేనే." గోడకు వేలాడుతున్న గుండీల దండ తీసింది. నమూనాకని నేను దారానికి గుచ్చి పెట్టుకున్నది. "నా లెక్కలో బళ్ళు ఆ రోజు గుమ్మరించిన గుండీల్లా ఎక్కడంటే అక్కడ పడ్డాయి, ఒకదానితో ఒకదానికి సంబంధం లేకుండా. మంచులో బళ్ళు ఇలా గుచ్చినట్టు వస్తాయి. ఎక్కే వరుసా దిగే వరుసా ఎదురైతే పెట్టెలన్నీ ఒక్కసారే అరుస్తాయి. ఆ గోలలో ముందు బండి మాట వెనక బండికే చేరడం లేదు. పెట్టె కావలసింది మంచులో. అది మూగబోయేదీ మంచులోనే."

నాకు కోపం వచ్చింది, దాచడం ఎందుకు? ఆ పెట్టెను నమ్మి బస్సు నడుపుతున్నది మా అన్నయ్య. నాలుగు మాటలు అందామనుకున్నాను. ఆ ముఖం చూసి, చేతిలోని దండ అందుకుని మళ్ళీ గోడకు తగిలించాను.

ఆ రాత్రే వదిన అన్నయ్య దగ్గర మాట తీసుకుంది. "అది మోగలేదని ధీమాగా ఉండకండి. మీ కన్నూ మీ కాలే నమ్ముకోండి. మీవాళ్ళకీ చెప్పండి." మర్నాడు ఆఫీసుకు వెళ్ళి పెద్దసారు ముందు తన తప్పు తనే చెప్పేసింది. డ్రైవర్లందరికీ హెచ్చరిక పంపారు. పెట్టెలు పీకించడం కన్నా వాటి తీరు మార్చడమే త్వరగా అవుతుందన్నారు. ఇక వదిన తిండీ తిప్పలూ మాని, ఈసారి బళ్ళను గుంపులు గుంపులుగా పడేస్తూ లెక్క మళ్ళీ మొదటినుంచి కట్టసాగింది.

ఒకరోజు మేం ముగ్గురం అలవాటుగా గోల చేస్తుంటే అమ్మ కంచం మీద టంగుమనిపించింది. చారులో ఉప్పు మరిచాననో ఏదో చెప్పింది. అందరం నవ్వాం, వదిన ఒక్కతే నవ్వలేదు. ఎంగిలి చేత్తోనే లేచి లోపలికి పోయింది. తర్వాత తెలిసింది, పెట్టెలకు అదే నేర్పిందని. చుట్టూ ఎక్కువమంది ఉంటే నువ్వు తక్కువగా మాట్లాడు. బ్రేకు మాట వచ్చిందా, మిగతావాళ్ళంతా నోరు మూయండి. కొత్త తీరు పెట్టెలన్నిటికీ పంపారు.

ఆ తర్వాత మొదటిసారి మంచు పట్టిన పొద్దున, పక్కింటి పాలవాడు వచ్చి పిడుగులాంటి మాట చెప్పాడు. కొండదారిలో లారీ అడ్డం తిరిగిందట, బస్సులు వెనకే ఉన్నాయట. అన్నయ్య ఫోను కలవడం లేదు. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నాకు మిషను మీద కాలు ఆడలేదు.

"వదినా, నీ లెక్కేమంటోంది?" అన్నాను.

"నూటికి తొంభై ఎనిమిదిసార్లు మోగుతుంది."

"మరి అన్నయ్యకు?"

ఆమె ఫోను రెండు చేతులతో పట్టుకుంది. "మీ అన్నయ్య నూరు మంది కాదుగా. ఒక్కడే. ఒక్కడికి నాకు లెక్క రాదమ్మా."

రోజూ నవ్వుతూ అనే మాటే అది. ఆ రోజు దానికి అర్థం తెలిసింది.

అప్పుడు ఫోను మోగింది. అన్నయ్య గొంతు గదంతా వినిపించింది.

"ఏమే, మోగిందే! మలుపవతల ఏముందో నాకు కనపడితే ఒట్టు. కీచుమంది, తొక్కేశాను. నా వెనకోళ్ళూ ఆగారు. అందరం బాగున్నాం. ఆ పెట్టె గొంతు అచ్చం మా అమ్మ గరిటె, వినకుండా ఎవడుంటాడు?"

అమ్మ గుమ్మంలోనే కూలబడి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత కోడల్ని దగ్గరికి లాక్కుంది.

"ఇప్పుడైనా చెప్పవే. నీ మొగుడి బండి ఎక్కడుంది?"

"కొండ మలుపులో అత్తయ్యా. ఆగి ఉంది" అని, మా ఇంటికొచ్చాక మొదటిసారి మా ముందు వెక్కి వెక్కి ఏడ్చింది. నేను కుడుతున్న చొక్కాతోనే కళ్ళూ ముక్కూ తుడుచుకుంది. ఎవరిదో కొత్త చొక్కా. మళ్ళీ ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చాను, ఒక్క మాట అనకుండా.