జక్కయ్య నోరు, మల్లి నడక

నరసరావుపేట జట్కావాళ్లలో జక్కయ్యంత మాటకారి ఇంకొకడు లేడు. స్టేషన్ దగ్గర బండెక్కినవాడు కోర్టు దగ్గర దిగేలోపు వాడి ఊరూ పేరూ, వ్యాజ్యమూ, వ్యాజ్యం వేసిన బావమరిదీ అన్నీ జక్కయ్యకు తెలిసిపోయేవి. పాతికేళ్లు ముఖం వెనక్కి తిప్పే బండి తోలాడు. ముందు దారి చూసుకునే పని గుర్రానిది.

ఎనభై అయిదుకల్లా ఊళ్లో ఆటోలు పెరిగాయి. ఆటోవాడు మాట్లాడినా వినపడదు. అయినా జనం అటే పోయారు. జట్కా మూలపడి, జక్కయ్యకు మల్లి అనే నాలుగేళ్ల ఆడగుర్రం మిగిలింది.

అప్పుడే గురజాల నుంచి కబురొచ్చింది. మిరపతోటల చుట్టూ తిరగడానికి వెంకట్రామయ్య అనే పెద్ద రైతుకు సవారీ గుర్రం కావాలట. నడుంనొప్పి మనిషి, కుదుపు పనికిరాదు. రవాలు నడకే కావాలన్నాడు. నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పడుతూ, పైనున్నవాడి చేతిలో గ్లాసు తొణక్కుండా, వేగంగా సాగే నడక అది. మల్లికి ఆ నడక వస్తే దాన్ని తీసుకుని, చూసుకునే పని జక్కయ్యకే ఇస్తాడు. రాకపోతే మల్లి సంతకు, జక్కయ్య మాచర్ల రాళ్ల క్వారీకి. రాళ్లతో ఏం మాట్లాడతాడు జక్కయ్య?

రవాలు నేర్పే జానీ సాహెబు పోయి ఆరేళ్లయింది. మిగిలింది ఆయన భార్య హజ్రా బీ. జన్మలో గుర్రమెక్కని మనిషి, ఇప్పుడు కళ్లకు పొరలు కూడానూ. కానీ నలభై ఏళ్లు పరదా వెనక రొట్టెలు కాలుస్తూ, వీధి నాపరాళ్ల మీద గిట్టల చప్పుడు విన్నది. సాహెబు చేసిన తప్పు అన్నం వడ్డిస్తూ చెప్పేదట. మర్నాడు సాహెబు దాన్ని తన తెలివిగానే దిద్దుకునేవాడట.

"నీ గుర్రం ఏ రంగో నాకు తెలవదు. తెలవక్కర్లా. ఈ రాళ్ల మీద నడిపించు," అంది మల్లిని తోలుకొచ్చిన జక్కయ్యతో, గుమ్మం ముందు నులకమంచం మీద కూర్చుని.

జక్కయ్య మల్లినెక్కి నెలరోజులు నడిపించాడు, ఒక చేత్తో కళ్లెం కాస్త ఎత్తి పట్టి, రెండో చేత్తో నీళ్ల గ్లాసు పట్టుకుని. మల్లి పది బారలు నాలుగు చప్పుళ్లతో చక్కగా సాగేది. అంతలో 'డబుక్కు డబుక్కు'మంటూ రెండు చప్పుళ్లకు దిగేది. గ్లాసులో నీళ్లన్నీ జక్కయ్య చొక్కాకే.

"దీనికి బుర్ర లేదు పెద్దమ్మా."

"దానికుంది. ఒరేయ్, ఇప్పుడు ఎనక్కి తిరిగింది నువ్వా, అదా?"

జక్కయ్య గతుక్కుమన్నాడు. "నీకు కనపడదుగా?"

"ఎడమ గిట్ట బరువుగా పడింది. ఎవుర్ని ఎక్కించుకున్నావురా ఎనకాల? తోకనా?"

నిజమే. పది బారలకోసారి జక్కయ్య మెడ దానంతటదే వెనక్కి తిరుగుతోంది, కుశలం అడగడానికి. వెనక ఎవరూ లేరన్న సంగతి మెడకు ఇంకా అందలేదు.

మర్నాడు నోటికి తువ్వాలు కట్టుకుని వచ్చాడు. నోరు మూసేసరికి నడుం కర్రలా బిగిసింది. దానితో మల్లీ బిగిసింది. పది బారలు కాదు, రెండు బారలైనా సాగలేదు.

"తియ్యి ఆ గుడ్డ," అంది హజ్రా బీ. "నువ్వు మాట్టాడకపోతే నీ నడుం సచ్చిపోద్ది. మాట్టాడు. కాకపోతే నీ బేరం ఇప్పుడు ముందరుంది. ఆ చెవులకి చెప్పు."

"గుర్రంతో ఏం మాట్టాడను?"

"కోర్టు కాడ దిగేవాళ్లతో పాతికేళ్లు ఏం మాట్టాడావు? ఇది అంతకన్నా బాగానే ఇంటది."

పది రోజులకు వెంకట్రామయ్య జీపులో దిగాడు. 'ఊఁ' అంటే అదే ఆయనకు ఉపన్యాసం. అంచుదాకా మజ్జిగ పోయించిన గ్లాసు మల్లి మీదున్న జక్కయ్య చేతికిచ్చి, వీధి చివరి సైకిలు షాపు చూపించాడు.

జక్కయ్య కదిలాడు. "ఏమే మల్లీ, ఆ జీపాయన మీసాలు చూసి భయపడమాక. పైకట్టాగే ఉంటాడు గానీ పాపం, చానా నడుంనొప్పంట. ఇదుగో, మొన్న నేను నీ మెడ పట్టుకుని ఏడ్చిన సంగతి మాత్రం పెద్దమ్మకి చెప్పమాక..."

వీధి వీధంతా విన్నది. హజ్రా బీ ముఖం పక్కకు తిప్పుకుంది. సైకిలు షాపు దాకా వెళ్లి తిరిగొచ్చేవరకూ నాపరాళ్ల మీద నాలుగు చప్పుళ్లు తప్పలేదు. మజ్జిగ చుక్క తొణకలేదు.

"ఊఁ," అన్నాడు వెంకట్రామయ్య. మజ్జిగ తాగేసి, తనే గుర్రమెక్కాడు. పది బారలైనా పోకముందే డబుక్కు డబుక్కు.

"ఒరేయ్ జక్కయ్యా, దాని మీద బస్తా ఏశారేందిరా?" అని కేకేసింది హజ్రా బీ.

వీధిలో జనం రెండడుగులు వెనక్కి వేశారు. వెంకట్రామయ్య దిగి, నడుం పట్టుకుని ఆమె దగ్గరికొచ్చాడు. "ఏందమ్మా తప్పు?"

"దాంతో మాట్టాడాలయ్యా."

ఆయన చుట్టూ చూశాడు. మళ్లీ ఎక్కి, మల్లి చెవి మీదికి వంగి, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా గొణిగాడు. "మల్లీ... ఈ ఏడు మిరపకి తెగులొచ్చింది..."

కాసేపటికి నాలుగు చప్పుళ్లు వినిపించాయి. హజ్రా బీ మంచం పట్టె మీద నాలుగు వేళ్లతో అవే వాయించింది.

"రేపు ఇద్దరూ రండి," అన్నాడాయన దిగుతూ. "రోజూ మాట్టాడటం నా వల్ల కాదు."

మర్నాడు పొద్దున్నే జక్కయ్య మల్లినెక్కి, మల్లికి గురజాల విశేషాలు చెబుతూ బయల్దేరాడు. వీధి మలుపు దగ్గర ఒక్క క్షణం మాట ఆగింది. నాపరాయి మీద ఎడమ గిట్ట బరువుగా పడింది.

"ఒరేయ్!" నులకమంచం మీద నుంచి కేక. "ముందు చూడరా!"