సీటు మడతలో పసుపు పోగు

ఆ పసుపు పోగు లక్ష్మీరాజం చేతి అలవాటుకొద్దీ ఉండిపోయిందా, తెలిసే ఉంచాడా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అడగలేదా అంటే, అడిగాను. అతను చెప్పిన జవాబు రెండింటికీ సరిపోతుంది.

లక్ష్మీరాజం పద్దెనిమిదో ఏట సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చినవాడు. ఆ ఊరి వడోద్ పేటలో ఒక గదిలో ఉంటూ నలభై ఏళ్లు పవర్‌లూమ్ నడిపాడు. ఆ చప్పుడుకు ఎడమ చెవి పోయింది. ఎవరైనా మాట్లాడుతుంటే ముఖం పక్కకు తిప్పి కుడి చెవి ఇచ్చేవాడు. తెలియనివాళ్లు పొగరనుకునేవారు. అతను పని చేసిన మగ్గాలు ధన్‌సుఖ్‌భాయివి. నేను ఆ సేఠ్‌దే సలాబత్‌పురాలో ఉన్న బట్టల కొట్లో ఉత్తరాలు రాసే గుమాస్తాను. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అని పిలిచేవాడు. ఆ పిలుపుతో వచ్చే ఎకసెక్కాలను కూడా వదిలిపెట్టేవాడు కాదు.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి. వడోద్‌లో చాలామంది రైళ్లకు పేర్లు రాయించుకుని వెళ్లిపోయారు. భార్య పద్మారాణికి మోకాలి నొప్పి ఉండటంతో లక్ష్మీరాజం ఉండిపోయాడు. ఆ ఖాళీ రోజుల్లోనే సేఠ్‌కు ఇంటి వెనక షెడ్డులో ఉన్న తండ్రి కారు గుర్తొచ్చింది. 1951 నాటి నల్ల కారు. రంగూ ఇంజనూ నిలిచాయి కానీ వెనక సీటు గుడ్డ జానెడు చిరిగి ఉంది. ఆయన తండ్రి జరీ పెట్టె లాగుతుంటే దాని మూల తగిలి చిరిగిందట.

వచ్చే ఫిబ్రవరిలో పాత కార్ల పోటీ ఉంది. నిబంధనల పుస్తకం ఇంగ్లీషులో ఉండటంతో చదివి చెప్పమని సేఠ్ నన్ను పిలిచాడు. చిరుగు చూడటానికి లక్ష్మీరాజాన్నీ పిలిచాడు. మూతులకు గుడ్డలు కట్టుకుని, షెడ్డులో ముగ్గురం ఎడంగా కూర్చున్నాం.

"అసలు గుడ్డ చిరిగి ఉంటే రెండు మార్కులు పోతాయి," అని చదివాను. "కొత్తది వేస్తే ఐదు పోతాయి. వేసినట్టు కాగితంలో రాయాలి. రాయకుండా దాస్తే పోటీలోంచే తీసేస్తారు."

లక్ష్మీరాజం నవ్వాడు. "ఏంది బావా, చిరిగినదానికే ఎక్కువ మార్కులా? మా దగ్గర ఒక్క పోగు తప్పితే కూలి కోస్తరు. గీ జడ్జీలను జర మా మిల్లుకు తోలియ్యరాదు."

సేఠ్ నవ్వలేదు. "చిరిగిన సీటు చూపించి బాపూజీ కారును నలుగురిలో నవ్వులపాలు చేయనా? అలాంటి గుడ్డే నెయ్యి, లక్ష్మీరాజం. పాతదో కొత్తదో ఎవరికీ తెలియకూడదు."

షెడ్డు మూల ఒక చెక్క చేతిమగ్గం ఉండేది. సేఠ్ తండ్రి నమూనాలు నేయించడానికి పెట్టించిన మగ్గం. సేఠ్ దాని వైపు చెయ్యి చూపించాడు. "కారు గెలిస్తే ఈ మగ్గం నీది. పాత కార్లవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఇక్కడే కూర్చుని నేసుకుందువు. మిల్లుకు పోనక్కర్లేదు."

లక్ష్మీరాజం కుడి చెవి తిప్పి ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు.

పాత గుడ్డ అంచు నుంచి నాలుగు పోగులు లాగి, భూతద్దం పెట్టి, అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టాడు. బూడిద రంగు ఉన్ని, మధ్యలో సన్నని ఎర్ర చార. కొత్త ఉన్ని దారం మరీ తళతళలాడుతోందని టీ డికాషన్‌లో రెండు రోజులు నానబెట్టాడు. మగ్గానికి నిలువు పోగుల పడుగు కట్టిన రోజు పద్మారాణి కుంటుకుంటూ వచ్చి గిలాసలో పసుపు కలిపింది. కొత్త గుడ్డ ఏదైనా సరే, అడ్డంగా పడే మొదటి పేక పోగును పసుపులో ముంచి వేయడం వాళ్లింటి ఆనవాయితీ.

"నలభై ఏండ్లాయె అన్నా, ఈ పని నాకు చెప్పక," అంది నాతో. "కరెంటు మగ్గానికి పసుపెవరు వెడ్తరు?"

సీటుకు బిగించేటప్పుడు ఆ వరుస కోసేస్తాడులే అనుకున్నాను.

ఇరవై రెండు రోజుల్లో గుడ్డ దిగింది. కొలిచి కోసిందీ సీటుకు బిగించిందీ అతనే. పాత గుడ్డను మడిచి డిక్కీలో పెట్టాడు. పోటీ కాగితంలో "సీటు గుడ్డ: అసలుది" అని రాయమన్నాడు సేఠ్. రాసింది నా చెయ్యే.

ఫిబ్రవరిలో పోటీకి ముగ్గురం వెళ్లాం. బరోడా నుంచి వచ్చిన జడ్జి సన్నగా, పొడవుగా ఉన్న ఒకావిడ. నేలమీద మోకాళ్లూని కారు అడుగు చూసింది. తలుపులు వేసి చప్పుడు విన్నది. సీటు మీద అరచేతితో రాసి, బాగుంది అన్నట్టు తలాడించింది. తరువాత సీటు ఎత్తి వెనక మడత విప్పింది. అక్కడ, గుడ్డ మొదట్లో, అంచు పొడవునా ఒక పసుపు పోగు.

"ఇది కార్ఖానాలో వేసింది కాదే?" అంది హిందీలో.

సేఠ్ లక్ష్మీరాజం వైపు చూశాడు. లక్ష్మీరాజం కుడి చెవి తిప్పాడు. ఆవిడ మళ్లీ అడిగింది.

"నేనే నేసిన," అన్నాడు అతను.

ఆవిడ పోటీ కాగితం మీద మా కారుకు అడ్డగీత గీసింది. వెళ్తూ వెళ్తూ ఆగి, "ఎన్ని రోజులు పట్టింది?" అని అడిగింది. చెప్పాడు. ఆవిడ ఇంకోసారి సీటు మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ముందు సీట్లోనే ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. వెనక కూర్చోవాలని ఎవరికీ అనిపించలేదు. షెడ్డు దగ్గర సేఠ్ లోపలికి పోగానే అడిగాను.

"ఆ వరుస కోసేయకపోయినవా?"

"మొదలు కోసుకుంటరా బావా?" అన్నాడు. అంతే.

వారం రోజులకు సేఠ్ మమ్మల్ని పిలిచాడు. కోపం పోయింది. ఆ జడ్జి చెయ్యి వేసి చూడటం ఆయన మనసులో ఉండిపోయినట్టుంది. "గెలవకపోయినా మగ్గం నీదే. నా దోస్తులిద్దరు వాళ్ల కార్లకు నేయించమంటున్నారు. ఒక్కటే మాట, ఈసారి పసుపు వద్దు."

"సరే సేఠ్," అన్నాడు లక్ష్మీరాజం.

తరువాతి నాలుగు రోజులూ అతను షెడ్డులోనే ఉన్నాడు. కొత్త గుడ్డ ఊడదీసి, డిక్కీలోంచి పాతది తీసి, ఆ చిరుగుతోనే మళ్లీ సీటుకు బిగించాడు. అలా చేయమని సేఠ్ చెప్పలేదు. చూసి వద్దనీ అనలేదు. తరువాత దోస్తుల గుడ్డ కోసం పడుగు కట్టాడు. సాయంత్రం నేను మా ఇంటి నుంచి టీ పట్టుకుపోతే, "చక్కెర తక్కువైంది బావా, అక్క కోపం మీదున్నదా?" అని నవ్వాడు.

మర్నాడు పొద్దున షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. తాళంచెవి మగ్గం దూలం మీద ఉంది. పడుగు బిగించి ఉంది, పోగులన్నీ సరిగ్గా. పసుపు పడాల్సిన మొదటి పేక కూడా పడలేదు. వడోద్‌లో వాళ్ల పక్క గది చిన్నవ్వను అడిగితే, తెల్లారకముందే మొగుడూ పెళ్లాలిద్దరూ సంచులు పట్టుకుని ఊరి రైలుకని స్టేషన్‌కు పోయారంది.

"నీకు చెప్పలేదా?" అంది ఆమె.

లేదన్నాను.