ఒప్పుకుంటే చర్చ అయిపోతుందని

ఆ రోజుల్లో నాకు మాట్లాడే మనిషంటూ ఎవరైనా ఉంటే ఫోన్‌లోనే ఉండేవాడు. పలకల ఫ్యాక్టరీలో కొత్త ఉద్యోగం, మార్కాపురంలో ఒంటిగది. ఆదివారం వస్తే పలకరించే దిక్కుండేది కాదు. ఏమీ తోచక, అందరూ ఉచితంగా రాసి అందరికీ ఉచితంగా ఇచ్చే ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఈ ఊరి పలకల మీద వ్యాసం మొదలుపెట్టాను. (దాన్ని చదివింది నేనూ, తప్పులు దిద్దే ఒక పెద్దమనిషీ. ఆయనది ఏ ఊరో తెలియదు. నాలో నేను దిద్దుబాటయ్య అనుకునేవాణ్ణి.)

బజారులో ఫొటో స్టూడియో నడిపే భాయ్ దగ్గర వాళ్ల నాయన తీసిన పాత ఫొటో ఉంది. గనిలో ఆడవాళ్లు రాతిని పొరలుగా చీలుస్తుంటారు. "పెట్టుకోండి సార్, కానీ దాంతో ఎవురూ యాపారం చేయకూడదు" అన్నాడు. ఆ షరతుతోనే ఎక్కించాను. తెల్లారేసరికి దిద్దుబాటయ్య తీసేశాడు! "ఇక్కడున్నది ఎవరైనా అచ్చేసి అమ్ముకునే వీలుండాలి. లేకపోతే పిల్లల పుస్తకం వేసేవాడికి కూడా పనికిరాదు" అని వ్యాసం పక్కనుండే చర్చ పేజీలో రాశాడు. చదవగానే నిజమే కదా అనిపించింది. కానీ ఒప్పుకుంటే చర్చ అయిపోతుంది. అందుకని "షరతులు వద్దంటే బొమ్మలే దొరకవు, ఈ బోడి వ్యాసాన్ని ఎవరు చూస్తారు?" అని ఎదురు తిరిగాను. ఆయన జవాబిచ్చాడు. నేను మళ్లీ కాదన్నాను. నాకోసం ఒక మనిషి కూర్చుని, ఆలోచించి రాస్తున్నాడంటే, కొట్లాటైనా ఎంత హాయి!

ఫోన్ చూసి నవ్వుకుంటుంటే ఇంటి ఓనరమ్మ పట్టుకుంది.

"ఏంది నాయనా, పిల్ల కుదిరిందా?"

"లేదు పెద్దమ్మా, ఒకాయన నన్ను తిడతా ఉండాడు."

"తిడితే నవ్వుతారా ఎవురన్నా? ఊరికి పోయి నాలుగు రోజులు ఉండిరాపో" అంది పాపం, దిగులుగా.

నా ఖర్మకొద్దీ, ఫొటో తీసేసిన సంగతి చెప్తే భాయ్ మెత్తబడ్డాడు. "మా నాయన పోయినాక ఆ ఫొటో అడిగినోడే లేడు సార్. అమ్ముకుంటే అమ్ముకోనీండి. కింద ఆయన పేరుంటే చాలు" అన్నాడు. ఫొటో మళ్లీ ఎక్కింది. దిద్దుబాటయ్య "చాలా సంతోషం. ఇంకేమైనా అభ్యంతరం ఉందా?" అని రాశాడు. ఏముంటుంది! ఆ సాయంత్రం ఏం చేయాలో తెలియక, బస్టాండులో గిద్దలూరు బస్సులు పోతుంటే చూస్తూ కూర్చున్నాను.

మొన్న పొదిలిలో ఒక దుకాణంలో క్యాలెండరు మీద ఆ ఫొటో కనిపించింది, కింద భాయ్ నాయన పేరుతో సహా. సంబరంగా చర్చ పేజీ తెరిచాను. ఆయన ప్రశ్న అట్లాగే ఉంది. "లేదు" అని టైపు చేసి, నవ్వుకుని, చెరిపేశాను. జవాబు రానంతకాలం, ఆయన మళ్లీ అడగడానికి ఒక కారణమైనా ఉంటుంది కదా.