కీ కింద గంధం

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో నా పక్కన ఒక పత్తి వ్యాపారి కూర్చున్నాడు. ఒళ్ళో లాప్‌టాప్, దాని మీద దూది శాంపిల్ పొట్లం.

"ఆన్ సేస్తే సాలు, డయాగ్నస్టిక్ మోడ్ అంటాదప్పా. తన్ను తానే పరీచ్చ సేసుకుంటాంది, పని మాత్రం సెయ్యదు," అన్నాడు.

చూస్తే పైవరుసలో ఒక కీ లోపలికి దిగి ఇరుక్కుపోయింది. ఎవరో నొక్కి పట్టుకున్నారనుకుని యంత్రం ప్రతిసారీ పరీక్షలోకి పోతోంది. గోటితో కీ ఊడదీశాను. కింద ఎండి గట్టిపడిన గంధం, కుంకుమ. ఆయుధపూజ నాటివి. పొట్లంలోంచి చిటికెడు దూది తీసి, నీళ్ళతో తడిపి తుడిచేసి, కీ మళ్ళీ బిగించాను. లాప్‌టాప్ మామూలుగా తెరుచుకుంది.

"ఇంక దీనికి బొట్లు పెట్టొద్దని ఇంట్లో చెప్పన్నా," అని నవ్వి, దూదిని కిటికీలోంచి విసరబోయాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఈడియ్యప్పా. పోయిన దసరాకు మా ఇంటామె పెట్టింది. ఇంక పెట్టేదానికి ఆమె లేదు."

గంధం, కుంకుమ అంటిన ఆ దూదిని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వెలిగిన తెర వైపు చూడనే లేదు.

తుడిచే ముందు ఒక్క మాట అడిగి ఉండాల్సింది. ఎమ్మిగనూరులో దిగేదాకా నా వేళ్ళకు గంధం వాసన వస్తూనే ఉంది.