కొసరుతో వచ్చిన చీనా మందు

రెండువేల నాలుగు వందలు చెప్పిన చీనా మూలికల పొట్లాలను తొమ్మిది వందలకు దింపిన మొనగాణ్ని నేనే. మెదడుకు రక్తం సరిగా అందక కళ్లు తిరుగుతున్నయని డాక్టర్ రాసిన గోలీలు మానేసి మరీ కొన్న. దుకాణాల మధ్య పెరిగినోణ్ని కదా, కొసరు కూడా అడిగిన. కంఠేశ్వర్ బజార్ల ఉన్న ఆ దుకాణదారు నవ్వుకుంట ఇంకో రెండు పొట్లాలేసిండు. అనుమానం అక్కడే మొదలైంది.

"మందుల కొసరా? నీ తెలివి సల్లగుండ! గింత జల్ది దిగిండంటే అండ్ల గడ్డే ఉంటది," అన్నది నా భార్య.

నాకూ అట్లనే అనిపించింది. అయినా పైసలు పెట్టిన కదా అని వారం రోజులు కషాయం తాగిన. ఎనిమిదో నాడు కళ్లు తిరిగి వాకిట్లో పడ్డ.

"గోలీలు ఎవరు ఆపమన్నరు?" అని డాక్టర్ నుదుటికి కుట్లేసుకుంట అడిగిండు.

పొట్లాలకు తొమ్మిది వందలు, స్కానింగుకు, నుదుటి కుట్లకు ఆరువేల మూడు వందలు. దుకాణదారు గుంజింది తొమ్మిది వందలే, మిగతాది నా చేతులారా పెట్టుకున్నది.